ముద్ద చేయలేదు

ఏడేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. మరీ పెద్ద మూటేం కాదు, నాలుగక్షరాలు. హత్యలూ దోపిడీలూ ఉంటాయని చదువుతున్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ఇది రాగి సంగటికి సంబంధించిన నేరం.

మాది పూతలపట్టు దగ్గర పల్లె. మా చెల్లెలికి నడకా మాటా ఆలస్యంగా వచ్చాయి. ఏ పనైనా చేతికి పట్టుబడాలంటే మనకు పట్టే కాలానికి పదింతలు కావాలి. తనకు పదకొండేళ్లప్పుడు, ఇలాంటి పిల్లలకు నేర్పే ఒక మేడం దగ్గరికి వారానికోసారి చిత్తూరు తీసుకెళ్లేవాళ్లం. ఇంట్లో అందరూ చేసే పనుల్లో ఈ పిల్లదీ ఒక చెయ్యి ఉండాలి అనేది మేడం. బట్టలు మడవడం, నీళ్లు పోయడం, సాయంత్రం సంగటి ముద్దలు చేయడం. పక్కన ఒకరు నిలబడాలి, కానీ చేసిపెట్టకూడదు. ఏ రోజు ఏం చేసిందో నోటుబుక్కులో రాయాలి. అమ్మకు ఆవులతోనే సరిపోయేది. పదో తరగతి చదువుతున్నాను కాబట్టి రాసే ఉద్యోగం నా నెత్తిన పడింది. మా ఇంట్లో చదువు వచ్చినవాడికి అదే శిక్ష.

అమ్మ సంగటి గెలికి, పళ్లెంలోకి తీసిపెట్టి, పాలు పితకడానికి పోయేది. చెయ్యి తడుపుకుని, వేడి మీదే గుండ్రంగా తిప్పాలి. చెల్లెలికి ఒక్క ముద్దకు పావుగంట పట్టేది. అంతసేపు చేతులు కట్టుకుని చూడటం ఎంత కష్టమో నన్నడగండి. అవతల క్రికెట్టులో నా బ్యాటింగు వచ్చేసేది. నా బ్యాటింగుతో జట్టుకు ఒరిగేదేమీ లేదన్నది వేరే విషయం. మూడో రోజుకే పళ్లెం లాక్కుని, అన్నీ నేనే తిప్పేసి, నోటుబుక్కులో 'చేయలేదు' అని రాసి పరుగెత్తాను. అబద్ధం కాదు కదా? ఆ రోజు చేయలేదు. మర్నాడూ చేయలేదు. చేయనిస్తే కదా.

మన భాషలో ఒక సౌకర్యం ఉంది. 'చేయలేదు' అంటే ఆ పని జరగలేదని ఒక అర్థం, ఆమె చేత కాదని ఇంకో అర్థం. నేను ఆ రెండింటి సందులో దాక్కున్నాను.

మేడం తెలివైనది. నెల తర్వాత పేజీలు తిప్పి, కళ్లద్దాల పైనుంచి నన్ను చూసింది.

"ఏమప్పా, ముద్ద చేయలేదని రోజూ రాస్తా ఉండావు. పాపకి చేసేదానికి రాదా, లేకుంటే వచ్చి కూడా చేయలేదా?"

"రాదు మేడం."

"బాగా సూసినావా?"

"సూసినాను మేడం. దానికి రాదు."

"సరేలే అప్పా, బలవంతం వద్దు." ఆ పని మీద గీత కొట్టేసింది.

అంతటితో పోయుంటే చిన్న నేరమే. మేడమే తీసేసిందంటే ఇక తిరుగేముందని అమ్మ నమ్మింది. చెల్లెలు పళ్లెం వైపు చెయ్యి చాపితే, "నీకి రాదులే తల్లీ, కూసో" అనేది, ఎంతో ప్రేమగా. రెండేళ్లు. చివరికి ఎవరూ అనకముందే చెల్లెలే అనడం మొదలుపెట్టింది: "నాకి రాదు." నీళ్లు పొయ్యమన్నా అదే. బట్టలు మడవమన్నా అదే. ఆ పిల్ల తడుముకోకుండా చెప్పగలిగిన మొదటి వాక్యం అది. నేర్పింది నేను. అప్పుడైనా నోరు విప్పానా? లేదు. ఎందుకు? అమ్మ తిడుతుందనా? ఆ తిట్లు నాకు కొత్తేం కాదు. తిట్టకుండా ఊరికే నా వైపు చూస్తుందేమోనని.

తర్వాత పలమనేరులో పిన్ని ఇంట్లో చుట్టాలంతా కలిసిన రోజు ఒకటి వచ్చింది. పిన్నికి నా నోటుబుక్కు సంగతి తెలియదు. మూల కూర్చున్న చెల్లెల్ని కేకేసింది.

"ఏమే, దిక్కులు సూస్తా కూసున్నావా? ఈడికి రా, చెయ్యి తడుపుకో."

"నాకి రాదు పిన్నీ."

"నాకు మాత్రం పుట్టంగానే వచ్చినాదా? ముప్పైమంది ఆకలితో ఉండారు, కతలు రేపు సెబుదువు."

మొదటిది వంకర. రెండోది పళ్లెంలోంచి దొర్లి కింద పడింది. నాలుగోది ముద్ద. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, అందరూ తినడంలో ఉన్నారు. నేను మాత్రం పెరట్లోకి పోయి, ఉల్లిపాయలు ఎవరూ తరగకపోయినా కళ్లు తుడుచుకున్నాను.

ఇప్పుడు తనకు పద్దెనిమిదేళ్లు. మా ఇంట్లో ముద్ద తనే తిప్పాలి. నున్నగా, మీద ఒక్క గీత ఉండదు. నేను చేసినదాన్ని చూసి, "ఏందన్నా ఇది, రాయా?" అంటుంది. తన ముద్దల గురించి ఊళ్లో అందరికంటే ఎక్కువ డప్పు కొట్టేది నేనే. స్నేహితుల్ని లాక్కొచ్చి మరీ తినిపిస్తాను. ఆ గర్వం నిజం. అందులో నా వాటా ఏమీ లేదన్నదీ అంతే నిజం.

క్షమించమని మిమ్మల్ని అడగను, నా వల్ల పోయిన ఆ రెండేళ్లు మీవి కావు. అమ్మకు ఎప్పుడు చెబుతానో తెలియదు. ఇంతవరకు రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది కాబట్టి, మిగిలింది కూడా చెప్పేస్తాను. మేడం నన్ను అడగడానికి ముందురోజు, నేను పళ్లెం లాక్కునేలోపే చెల్లెలు ఒక ముద్ద చేసేసింది. మొత్తం తనే. రెండు చేతుల్లో పట్టుకొచ్చి నా కంచంలో పెట్టింది.

తిన్నాను. బాగుంది.