జబ్బు లేదని తేలాక

మా చెల్లెలు పంచవర్ణం కాపురం కోవిల్‌పట్టిలో. వెంబకోట్టై టపాసుల కంపెనీకి వ్యానులో పనికి పోయేది. మూడేళ్ల కిందట పక్క గది పేలి, రోజూ తనతో కలిసి అన్నం తినే ఇసక్కి కళ్లముందే కాలిపోయింది. ఆ నెలలోనే దీనికి మూర్ఛలు మొదలయ్యాయి, అక్కడివాళ్లు వలిప్పు అంటారు. పడిపోయి అరగంట కొట్టుకునేది. అత్త గురువమ్మాళ్ పరుగెత్తుకొచ్చి తాళంచెవుల గుత్తి పిడికిట్లో కుక్కేది. భర్త ఆనందరాజ్ తల ఒళ్లో పెట్టుకునేవాడు. నిజం చెప్పాలంటే, ఆ ఇంట్లో దాన్ని అంత ప్రేమగా చూసింది అప్పుడే.

రెండేళ్లు మాత్రలు మింగినా మూర్ఛలు తగ్గలేదు. నేనే విరుదునగర్ ఆస్పత్రికి తీసుకెళ్లాను. తలకి తీగలు అంటించి రెండు రోజులు కెమెరా ముందు ఉంచారు. అక్కడా పడిపోయింది, కానీ ఆ సమయంలో మెదడు మామూలుగానే ఉందట. తర్వాత ఒకమ్మాయి పదిహేను మాటలు చదివి, తిరిగి చెప్పమంది. మూర్ఛరోగుల్లో చాలామంది ఇక్కడే తడబడతారట. మా చెల్లెలు అన్నీ చెప్పేసింది. భయాల గురించి అడిగినప్పుడు మాత్రం వెక్కివెక్కి ఏడ్చింది.

"ఇది మెదడులో పుట్టే మూర్ఛ కాదు. మనసు తట్టుకోలేక ఇలా వస్తోంది. నటన మాత్రం కాదు, ఆపుకోవడం ఆమె చేతిలో లేదు. వారం వారం తీసుకురండి, మాట్లాడి నయం చేద్దాం" అన్నారు డాక్టరమ్మ.

నాకు బుద్ధి ఉండాలి కదా! సంబరంగా పాల్కోవా కొనుక్కొచ్చి, వాళ్ల వాకిట్లోనే "వలిప్పు లేదంట!" అని అరిచాను. మిగతాది ఎవరూ వినిపించుకోలేదు.

"అట్లయితే ఇన్ని దినాలు నడిప్పా?" అంది గురువమ్మాళ్, కోవా నములుతూ. నటనా అని ఆమె ఉద్దేశం. డాక్టరమ్మ చెప్పిందంతా ఎన్నిసార్లు చెప్పినా ఆమెకి ఎక్కలేదు.

మొన్న ఆదివారం చెల్లెలు నా ముందే పడిపోయింది. గురువమ్మాళ్ పప్పు ఏరుతున్న చేట కింద పెట్టలేదు.

"విడవయ్యా, చూసేవాళ్లు లేకుంటే తానే లేస్తాది" అంది నాతో.

ఆనందరాజ్ దాని కాళ్లు దాటుకుని బయటికి పోయాడు. నేనొక్కణ్ణే పట్టుకుని కూర్చున్నాను. ఒళ్లు మండిపోయింది, ఏం చేయగలను?

తేరుకున్నాక చెల్లెలు, అత్త అన్న మాట పొల్లుపోకుండా నాకు అప్పజెప్పింది. పడి ఉన్నా అన్నీ వినిపిస్తాయట, లేవడమే చేతకాదట.

"వారం వారం నన్ను ఎవురు పంపిస్తారన్నా? ఇంకొక ఆస్పత్రికి తీసకపో," అంది నా చెయ్యి పట్టుకుని. "ఈ తూరి ఏమి అడిగినా మరిచిపోతినంటాను. వలిప్పే ఉండాదని రాసి ఇమ్మను."