మంచం కింది సీసాలు

జడ వేసుకుంటుంటే వెంట్రుక వెంట్రుకకూ నొప్పి పుట్టింది. దువ్వెన తగిలితే చాలు, ఎవరో కుదుళ్ళు పట్టుకుని గుంజుతున్నట్టు ఉంది. చాయ్ నోట్లో పోసుకుంటే చక్కెర వేయడం మరిచానేమో అనుకున్నాను. మా ఆయన ఒక గుక్క తాగి చూసి, మరవడం కాదు, రెండుసార్లు వేశావు అన్నాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. మధ్యాహ్నానికి కళ్ళు మండటం మొదలైంది, నడుము విరిగిపోతున్నట్టయింది, అన్నం ఉడుకుతుండగానే పొయ్యి ముందు గోడకు ఆనుకుని కూర్చుండిపోయాను.

నాకు అది ఏడో నెల. అంతకు ముందు ఏడు ఒక కడుపు ఐదో నెలలోనే పోయింది. అందుకని ఈసారి గట్టిగా తుమ్మితే కూడా పొట్ట మీద చెయ్యి వేసుకునేదాన్ని. అంత జాగ్రత్తగా ఉన్న నాకు ఆ హాంకాంగ్ జ్వరం ఎక్కడ తగిలిందో చెప్పాలంటే ఇప్పటికీ నవ్వూ సిగ్గూ కలిసి వస్తాయి. జ్వరం రాకుండా ఉండే మందుల కోసం నిలబడ్డ లైన్లో తగిలింది.

ఆ జ్వరం మన ఊరికి రాకముందే దాని కబురు వచ్చింది. రేడియోలో చెప్పారు, పేపర్లో వేశారు, మిగిలింది తార్నాక చౌరస్తాలో మేమే కల్పించుకున్నాం. నీలగిరి తైలం వాసన చూస్తే పురుగు దగ్గరికి రాదన్నారు. మిరియాల కషాయం తాగాలన్నారు. అంబర్‌పేటలో శొంఠి అయిపోయిందట, మౌలాలిలో కర్పూరం దొరకడం లేదట అని ఎవరో అన్నారు. అది నిజమో కాదో కనుక్కునే ఓపిక ఎవరికీ లేదు. సంచి పట్టుకుని పరుగెత్తడానికి మాత్రం అందరికీ ఓపిక ఉంది.

మా పక్క వాటాలో సుభద్రక్క ఉండేది. వాళ్ళది కోస్తా వైపు. ఆమె భర్త యూనివర్సిటీ ఆఫీసులో గుమస్తా, మా ఆయన అక్కడే కెమిస్ట్రీ ల్యాబులో అటెండరు. మా రెండు వాటాలకూ కలిపి ఒకటే నల్లా, మధ్యన ఒకటే గోడ. ఆమె శొంఠి తెచ్చిందని తెలిస్తే నేను మిరియాలు తెచ్చేదాన్ని. నేను నీలగిరి తైలం తెచ్చానని తెలిస్తే ఆమె రెండు తెచ్చేది. ఎవరం ఎవరికీ చూపించుకునేవాళ్ళం కాదు, కానీ సంచి బరువును బట్టి లోపల ఏముందో ఇద్దరికీ తెలిసిపోయేది. రెండో సీసా నీలగిరి తైలం కోసమే నేను చౌరస్తాలో ఆ లైన్లో నిలబడ్డాను. నా వెనక నిలబడ్డామె నా భుజం మీదే పది తుమ్ములు తుమ్మింది. పాపం, ఆమె కూడా తైలం కోసమే వచ్చింది.

ఇక సీసాల సంగతి చెప్పాలి. క్యాంపస్ డిస్పెన్సరీలో మాకు మందు ఊరికే ఇస్తారు, సీసా మాత్రం మనమే తీసుకుపోవాలి. కాంపౌండరు పెద్ద జాడీలోంచి గులాబీ రంగు మిక్స్చర్ మన సీసాలో పోసి, డోసు ఎంతో తెలియడానికి పక్కన గాట్లుగా కత్తిరించిన కాగితం పట్టీ అంటిస్తాడు. సీసా లేకపోతే మందు లేదు. మామూలు రోజుల్లో అదొక సమస్య కాదు. కానీ అప్పుడు బతుకమ్మ పండుగ దగ్గరపడింది. ఇళ్ళు దులుపుకునేటప్పుడు తార్నాకలోని ఆడవాళ్ళమంతా ఇంట్లోని ఖాళీ సీసాలన్నీ పాత సామాన్ల తాతకు వేసేశాం. అటక ఖాళీ అయిందని మురిసిపోయాం. వారం తిరగకముందే జ్వరాలు మొదలయ్యాయి. అందరి దగ్గరా మిరియాలున్నాయి, శొంఠి ఉంది, కర్పూరం ఉంది, డాక్టరు రాసిన మందు పోయించుకోవడానికి సీసా లేదు.

ల్యాబు నుంచి ఒకటి తెమ్మని మా ఆయనను అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ల్యాబు సీసాల ఏమేం పోస్తరో నీకు ఎరుకేనా? యాసిడ్ సీసాల మందు తాగుతవా?" అన్నాడు. ఆ మాటకు తిరుగు లేదు. దాంతో నేను పాత సామాన్ల తాత కోసం నాలుగు గల్లీలు తిరిగి, ఆయన బండి మీదున్న సీసాలన్నీ గోనెసంచితో సహా తీసేసుకున్నాను. బదులుగా రెండు చినిగిన చీరలు, ఒక ఇత్తడి చెంబు ఇచ్చాను. ఇన్ని ఏం చేసుకుంటావు బిడ్డా అని ఆ తాత అడిగాడు. నాకూ తెలియదు. ఉంటే ధైర్యం, అంతే. సంచి మంచం కిందికి తోసి, ముందు చీర కుచ్చెళ్ళలాగా దుప్పటి జారవిడిచాను.

ఆ మర్నాడే సుభద్రక్క వచ్చి గడపలో నిలబడింది. వాళ్ళాయనకు జ్వరం నూట రెండు. "మాణిక్యం, ఖాళీ సీసా ఒకటుంటే ఇస్తావా అమ్మా? కడిగి మళ్ళీ ఇచ్చేస్తాను" అని అడిగింది.

"లేవక్కా. పండుగకు దులిపినప్పుడు అన్నీ ఏసేసిన" అన్నాను.

ఆ మాట అన్నది మంచం మీద కూర్చుని. ఆమెకు ఒకటిస్తే వాడంతా వస్తుందని భయం, రేపు నాకూ నా కడుపులోని బిడ్డకూ కావాల్సి వస్తే ఏంచేయాలని ఇంకో భయం. ఆ సాయంత్రం వాళ్ళాయన జ్వరంతోనే క్యాంపస్ దాకా నడిచి వెళ్ళి, కాఫీ గ్లాసులో మిక్స్చర్ పోయించుకుని, పైన మూత పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. సగం రోడ్డుకు, సగం చొక్కాకు పోయింది. గులాబీ మరకల తెల్లచొక్కా మా నల్లా దగ్గరి తీగ మీద మూడు రోజులు వేలాడింది. నేను దాన్ని చూడకుండా నీళ్ళు పట్టుకునేదాన్ని.

ఆ తర్వాతే నాకు జడ దగ్గర నొప్పి మొదలైంది. మా ఆయన రిక్షాలో డిస్పెన్సరీకి తీసుకుపోయాడు. డాక్టరమ్మ థర్మామీటర్ పెట్టి చూసి, "టెంపరేచర్ నూట మూడు. ఫ్లూనే. కంప్లీట్ బెడ్ రెస్ట్" అంది. జ్వరమొస్తే మూడు రోజులు పస్తుండటం మా ఇళ్ళలో పద్ధతి, నేనూ అదే చేయబోతున్నానని చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టేసింది. "నువ్వు పస్తుంటే లోపలున్నవాళ్ళు కూడా పస్తే కదా? గంజి, పాలు, బార్లీ వాటర్. గంటగంటకూ ఏదో ఒకటి కడుపులో పడాలి" అంది. కాంపౌండరు దగ్గర నేను కొంగు చాటునుంచి సీసా తీసి ఇస్తే మా ఆయన ఆశ్చర్యంగా చూశాడు. ఇది ఎక్కడిదని అడిగితే దగ్గు తెచ్చుకున్నాను. ఆ వేళకు దగ్గు తెచ్చుకోవడం ఏమంత కష్టం కాదు.

బార్లీ తార్నాకలో ఏ దుకాణంలోనూ లేదు. మా ఆయన సుభద్రక్కను అడిగితే అయిపోయిందని చెప్పిందట. కానీ పొద్దున్నే ఆమె గంజి కాచి తెచ్చింది. ఉప్పు వేసి, పలుచగా, సరిగ్గా తాగేంత వేడిగా. వాళ్ళాయన అప్పటికే కోలుకుని ఆఫీసుకు పోతున్నాడు. మా ఆయన డ్యూటీకి వెళ్ళగానే ఆమె వచ్చేది. తడిగుడ్డ వేసేది, తల దగ్గర కూర్చుని వాడలో ఎవరికి తగ్గిందో ఎవరికి తగిలిందో వార్తలన్నీ చదివేది. మూడో నంబరు ఇంట్లో మిరియాల కషాయం తాగీ తాగీ అందరికీ నోళ్ళు పూశాయని చెప్పి నవ్వించేది. ఆమె ఎంత మంచిగా చూస్తే నాకు కింద ఆ సంచి అంత గుచ్చుకునేది.

నాలుగో రోజు జ్వరం దిగింది. నేను లేచి ఇల్లు ఊడ్చాను. అదే నేను చేసిన తెలివితక్కువ పని. ఐదో రోజు జ్వరం తిరిగొచ్చింది, ఈసారి ఛాతీలో పోటుతో. దగ్గితే పక్కటెముకలు కలుక్కుమంటున్నాయి. దానికంటే భయంకరమైనది ఇంకోటి ఉంది. రోజూ నేను నిద్ర లేవగానే కడుపులో బిడ్డ కదిలేది. ఆ రోజు కదల్లేదు. ఎడమవైపు తిరిగి పడుకున్నాను, నీళ్ళు తాగాను, చేత్తో తట్టాను. ఏమీ లేదు. మా ఆయనకు చెప్పాను. డాక్టరమ్మను తీసుకొస్తానని చెప్పులు కూడా వేసుకోకుండా క్యాంపస్‌కు పరుగెత్తాడు. సుభద్రక్కను నా దగ్గర కూర్చోమని కేకేసి వెళ్ళాడు.

నా కాళ్ళు చల్లగా ఉన్నాయని సుభద్రక్క ఇంకో దుప్పటి కోసం మంచం కింది ట్రంకుపెట్టెను లాగబోయింది. పెట్టెకంటే ముందు గోనెసంచి చేతికి తగిలింది. సీసాలన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. ఆమె సంచి మూతి విప్పి చూసింది.

"ఎన్నున్నాయి?" అని మాత్రం అడిగింది.

"అరవై మూడు" అన్నాను. ఆ తర్వాత ఇక ఏడుపు ఆగలేదు. "తప్పయిందక్కా. భయమై దాసుకున్న. అందుకే దేవుడు నా బిడ్డను కదలనిస్తలేడు" అన్నాను.

ఆమె లేచి వెళ్ళిపోయింది. ఇక జన్మలో నా ముఖం చూడదనుకున్నాను. రెండు నిమిషాలకు మళ్ళీ వచ్చింది. రెండు చంకల్లో రెండు డబ్బాలు, చేతిలో ఇంకోటి. మూడూ బార్లీ డబ్బాలే. వాటిని నా మంచం మీద వరసగా పెట్టింది.

"ఇవి మా మంచం కింద ఉన్నాయి. మీ ఆయన అడిగితే లేవన్నాను. అందుకే రోజూ గంజి కాచి తెస్తున్నాను, తెలిసిందా? దేవుడికి నీ బిడ్డ మీద కోపం ఎందుకమ్మా, శిక్ష వేయాలంటే ముందు నేనున్నాగా" అంది.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ముందు ఎవరు నవ్వారో తెలియదు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, నేను పక్కటెముకలు పట్టుకుని నవ్వాను, నవ్వుతూ దగ్గాను, దగ్గుతూ ఏడ్చాను. వాళ్ళాయన కాఫీ గ్లాసుతో నడిచొచ్చిన తీరు ఆమె లేచి నిలబడి నడిచి చూపిస్తుంటే నా వల్ల కాలేదు. అప్పుడు ఎడమ పక్కన, డొక్క కింద, ఒక్క తన్ను. గట్టిగా. నేను ఆమె చెయ్యి లాగి అక్కడ పెట్టుకున్నాను. ఇంకో తన్ను. సుభద్రక్క కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బార్లీ డబ్బా మూత తీసి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

డాక్టరమ్మ వచ్చేసరికి నేను బార్లీ తాగుతున్నాను. ఆమె కొమ్ములాంటి పరికరం పొట్ట మీద ఆనించి చాలాసేపు విన్నది. మా ఆయన మూలన చెప్పుల్లేని కాళ్ళతో నిలబడ్డాడు. "ఫీటల్ హార్ట్ సౌండ్స్ బాగున్నాయి. మదర్ నీరసపడితే బేబీ కూడా డల్‌గా ఉంటుంది. చెస్ట్‌లో కంజెషన్ ఉంది, న్యుమోనియా దాకా పోనివ్వకూడదు" అంది. ఒంటికి పడుతుందో లేదో టెస్ట్ డోసు ఇచ్చి చూసి పెన్సిలిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. వారం రోజులు పొద్దునా సాయంత్రమూ సూది. కూర్చోవడం కష్టమైంది కానీ నాలుగో రోజుకే ఊపిరి హాయిగా ఆడింది.

ఆ అరవై రెండు సీసాలను సుభద్రక్క పెరట్లో నీళ్ళ కాగులో వేసి ఉడికించింది. అరవై మూడోది నా తల దగ్గర ఉంది, పట్టీ అంటించుకుని. ఎండలో బోర్లించిన సీసాలు చూసి మా ఆయనకు సంగతంతా అర్థమైంది. నన్ను తిడతాడనుకున్నాను. "అయితే మా అమ్మ చెంబు గందుకే కనవడ్తలేదా" అని మాత్రం అన్నాడు. చెంబు పోయినందుకు ఇప్పటికీ దెప్పుతూనే ఉంటాడు. రిక్షా కట్టి సీసాలన్నీ డిస్పెన్సరీలో ఇచ్చొచ్చాడు. కాంపౌండరు ఒక్కోటీ వెలుతురులో పెట్టి చూసుకుని, పెళ్ళివారిని పిలిచినట్టు లైన్లో గ్లాసులూ గిన్నెలూ పట్టుకున్నవాళ్ళను పిలిచాడట. బార్లీ డబ్బాలు రెండు వాడలోని పిల్లలకు పోయాయి.

నాకు నోటికి రుచి తెలిసిన రోజు బతుకమ్మ. సుభద్రక్క క్యాంపస్ వెనక తంగేడు కోసుకొచ్చి, నేను చెబుతుంటే తన చేత్తో మొదటిసారి బతుకమ్మను పేర్చింది. కొంచెం పక్కకు ఒరిగింది. వాడంతా ఆడుతుంటే నేను కుర్చీలో కూర్చుని చూశాను, నన్ను ఆడనివ్వలేదు. ఇంటికి రాగానే పెరుగన్నంలో నిమ్మకాయ కారం నంజుకుంటే నాలుక జివ్వుమంది. ఆ ఒక్క ముద్దకు నాకు ఎంత ఆనందమైందో చెప్పలేను.

చలికాలంలో పాప పుట్టింది. ఆరున్నర పౌన్లు. ఇప్పుడు బోర్లాపడుతోంది, గోడ అవతల సుభద్రక్క గొంతు వింటే చాలు కాళ్ళు కొట్టుకుంటుంది. ఆ రోజు తన్నిన కాలు ఎడమదా కుడిదా అని మేమిద్దరం ఇంకా పోట్లాడుకుంటాం. నాకు దగ్గు పూర్తిగా పోయింది, మెట్లెక్కితే ఆయాసం లేదు.

చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. జ్వరాల కాలంలో మందుల కోసం జనంలోకి తోసుకుపోకండి. పస్తులుండకండి, జ్వరం దిగిన రోజే చీపురు పట్టకండి. ఇంట్లో సీసాలు మాత్రం రెండు ఉడకబెట్టి పెట్టుకోండి. ఒకటి మీకు. రెండోది, పక్కింటివాళ్ళు గడపలో నిలబడి అడిగినప్పుడు వెంటనే లేచి ఇవ్వడానికి.