మోటారు పళ్ళచక్రం, నా పని చీర

ఇది జరిగిన రోజే రాసి పెట్టుకోవాల్సింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. తమిళనాడులో కోవిల్‌పట్టి పక్క మా ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, రాయడం ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు నన్ను బడికి బదులు మిరప చేనుకు పంపారు కాబట్టి అరవం కూడా రాయలేను. జుట్టు నెరిశాక, కూతురు ఫోనులో తెలుగు పాఠాలు పెట్టి చూపిస్తే, ఒక్కొక్క అక్షరమే దిద్దుకున్నాను.

అప్పట్లో వెంబకోట్టై వైపు ఒక బాణసంచా యూనిట్లో గొట్టాల్లో మందు నింపేదాన్ని. సాయంత్రం వ్యాన్ దిగగానే మా ఆడవాళ్ళందరం చేసే పని ఒకటే. పెరట్లో తలస్నానం చేసి, చీర నీళ్ళలో ముంచి, ఆ తర్వాతే ఇంట్లోకి అడుగుపెట్టాలి. ఆ రోజు కుళాయి రాలేదు. ఇంట్లో ఉన్నవి బిందెడు తాగే నీళ్ళు. ఒంటి మీద మందు ధూళితోనే లోపలికి వచ్చాను.

కూతురు నేల మీద కూర్చుని ఉంది. విరుదునగర్‌లో డిప్లొమా చదివేది. మర్నాడు అక్కడ కాలేజీ మైదానంలో రిమోట్ కార్ల పందెం. తన కారు మోటారుకు వేసిన పళ్ళచక్రం పెద్దదై, మోటారు వేడెక్కి ఆగిపోతోందట. దాన్ని తీసి చిన్నది వేయాలి.

"అమ్మా, సీక్రం రా. దీన్ని గట్టిగా పట్టుకో."

"ఉండవే, ఇంకా ఒళ్ళు కడుక్కోలేదు."

"ఒక్క నిమిషమే మా!"

చక్రం పక్కన చీమ తలంత మర. మోటారు కడ్డీకి ఒకవైపు చదును చేసిన చోట అది బిగుసుకుని, చక్రాన్ని జారనివ్వదు. ఊడకుండా దానికి కూతురు ముందెప్పుడో ఎర్ర జిగురు వేసింది. ఆ జిగురు రాయైపోయింది. ఇంకా తిప్పితే మర తలే అరిగిపోయేలా ఉంది.

"వేడి పెడితేనే వదులుతుంది" అంటూ సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టింది.

మోటారు కాగేకొద్దీ నా వేళ్ళు ఓర్వలేదు. పొయ్యి మీది గిన్నె దించినట్టే, ఆలోచించకుండా కొంగు చుట్టి పట్టుకున్నాను. కొంగు మడతల్లో బూడిద రంగు మెరుపు కనిపించిన తర్వాత గానీ ఏం చేశానో తెలియలేదు. పొగలు కక్కే మొన దానికి బెత్తెడు దూరంలో ఉంది. ఆ పైనే వంగిన నా బిడ్డ ముఖం. చెయ్యి లాగితే మొన తగులుతుంది. లాగకపోతే మందు ధూళి కాగి అంటుకుంటుంది.

"పాపా, మొకం వెనక్కి తీ."

"సుమ్మా ఉండమ్మా, కదలొద్దు, వచ్చేస్తా ఉండాది."

"తీయమంటే తీ!"

ఉలిక్కిపడి తల ఎత్తింది. మొన జారి కొంగుకు తగిలింది. తుస్సుమని తెల్లటి వెలుగు. అది నేను రోజూ గొట్టాల్లో నింపే తెలుపే. మోటారు మూలకు విసిరేసి, రెండు అరచేతులతో కొంగును నేలకేసి అదిమాను. బిందె నీళ్ళు మొత్తం మీద పోసుకున్నాను.

నా కూతురి కనుబొమల చివర్లు మాడాయి. కళ్ళకు ఏమీ కాలేదు.

"ఏమ్మా, మనింట్లో ముందుగానే దీవాళి వచ్చిందా?" అని నవ్వింది. నన్ను చూసి ఆ నవ్వు ఆపేసింది.

మూలన పడ్డ మోటారు తనే తెచ్చుకుంది. జిగురు అప్పటికే వదిలినట్టుంది, చక్రం పట్టకారుకు ఊడి వచ్చింది. చిన్నది ఎక్కించి మరను చదును మీద కూర్చోబెట్టింది. మర రెండుసార్లు కింద పడింది. నేను తడిచీరతో వాకిట్లోనే కూర్చున్నాను. దగ్గరికి వస్తే కసిరాను. కాలిన అరచేతులకు ఏదో రాస్తానన్నా రానివ్వలేదు.

మర్నాడు పొద్దున అది కారు పెట్టె పట్టుకుని విరుదునగర్ బస్సెక్కింది. నేను సంచిలో ఒక పాత చీర పెట్టుకుని వ్యాన్ ఎక్కాను. యూనిట్లో నీళ్ళ తొట్టి చాటున చీర మార్చుకుంటుంటే, నా పక్కన కూర్చుని మందు నింపే ఆమె చూసింది.

"ఏంక్కా, పెళ్ళికూతురు మాదిరి పొద్దున్నే చీర మారుస్తా ఉండావు?"

"పని చీర ఇంక నా ఇంటి గడప తొక్కదు" అన్నాను.

ఇంటి నుంచి కట్టుకొచ్చిన చీర మడిచి సంచిలో పెట్టి, సంచిని గేటు బయట వేపకొమ్మకు తగిలించి, షెడ్డులోకి వెళ్ళాను.