ఒంటిగంట నుంచి రెండింటిదాకా పెట్టెకు రెస్టు

సాల్ట్ లేక్‌లో అద్దెగదికి వచ్చిన మొదటి ఏడాది, ఒక సోమవారం పొద్దున ఆఫీసు బస్సులో పక్క సీటావిడ టైమెంతని అడిగితే నాకు గొంతు పెగల్లేదు. జలుబూ లేదు, దగ్గూ లేదు. శుక్రవారం సాయంత్రం నుంచి ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు, అంతే. రెండుసార్లు గొంతు సవరించుకున్నాక గానీ మాట బయటికి రాలేదు. ఆవిడ పాపం నాకు తన నీళ్ల సీసా ఇచ్చింది.

నా ఉద్యోగమేమిటో మా అమ్మకు చెప్పీ చెప్పీ విసుగొచ్చి మానేశాను. ఇక్కడ మాత్రం చెప్పక తప్పదు. నేను చేసిన వెధవ పని అందులోనే ఉంది. ఈ బెంగాలీ నగరంలో వాననీటిని తోడి కాలవల్లోకి పోసే పంపుహౌసులు చాలా ఉన్నాయి. వాటిలో కొన్నింట్లో మా కంపెనీ చిన్న కంప్యూటరు పెట్టెలు బిగించింది. పంపుహౌసు గుంటలో నీళ్లు ఎంత ఎత్తున ఉన్నాయో పెట్టె కొలిచి కంట్రోల్ రూముకు పంపాలి. కొలిచే ప్రోగ్రామును దానికి కావలసిన సరంజామాతో సహా ఒకే మూటగా కట్టి పంపుతాం. ఆ మూటను కంటెయినర్ అంటాం. పెట్టెలో ఉండి ఆ మూట విప్పి, నడిపి, పడిపోతే లేపేది రన్‌టైమ్. ఆ రన్‌టైమ్ ఎలా నడుచుకోవాలో రాసిపెట్టడం నా పని.

అలా రాసినవాటిలో ఒక వరుస ఉంది. పెట్టె ఆన్ అయిన ప్రతిసారీ మూటను ఆఫీసు నుంచి కొత్తగా తెచ్చుకోవాలి అని. తన దగ్గర మూట భద్రంగా ఉన్నా సరే, అడగాల్సిందే. ఆఫీసు బల్ల మీద పరీక్షిస్తే భేషుగ్గా పనిచేసింది. ఆఫీసులో నెట్ పోదు కదా మరి.

కాలవ ఒడ్డున ఉన్న ఒక పంపుహౌసులో మాత్రం పెట్టె వారానికి రెండు మూడుసార్లు మూగబోయేది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకు ఆగేది, ఆ రోజుల్లో రెండు దాటినా లేచేది కాదు. ఏం జరుగుతోందో చూద్దామని మొదటిసారి వెళ్లాను. గేటు దగ్గర కాపలా ఆయన పెద్ద పుస్తకం తెరిచి, "కీ కాజ్, దీదీ?" అన్నాడు. ఏం పని అని. "బాక్స్ రిపేర్" అన్నాను. రాసుకుని లోపలికి వదిలాడు.

లోపల మోటార్ల హోరులో ఒక పెద్దమనిషి స్టూలు మీద కూర్చుని అన్నం కలుపుకుంటున్నాడు. ఫోనులో ఎవరినో తెలుగులో తిడుతున్నాడు. అచ్చ తెలుగు! నా ప్రాణం లేచొచ్చింది. ఆయన ఫోను పెట్టేదాకా కూడా ఆగలేక, "తెలుగోళ్లా?" అని అరిచినంత పని చేశాను.

"ఓలమ్మో, మనోళ్లేటి! కూకో, కూకో. తినీసావా?"

శ్రీకాకుళం నుంచి ఆయన తాత ఇక్కడి ఓడరేవు డాకుల్లో పనికొచ్చాడట. ఈయన పంపు ఆపరేటరు, కాంట్రాక్టు మీద. పక్కనే ఇచ్చిన రెండు గదుల్లో కాపురం. మా దిక్కు, అంటే నల్లగొండ వైపు, బాబాయిని కాక అంటాం. నేను ఆయన్ని కాకా అని పిలిస్తే కాపలా ఆయన నాకు బెంగాలీ వచ్చేసిందనుకుని మెచ్చుకున్నాడు. బెంగాలీలోనూ కాకా అంటే అదే.

పెట్టె ఎందుకు మూగబోతోందో ఆ రోజే తెలిసింది. కాకా రోజూ ఒంటిగంటకు అన్నానికి కూర్చునే ముందు దాని స్విచ్ ఆపేస్తాడు. రెండింటికి మళ్లీ వేస్తాడు.

"ఎందుకు ఆపుతున్రు కాకా?"

"మూడు మోటార్లున్నాయమ్మా. ఒకటి తిరిగితే ఒకటి పడుకోవాల. ఎడతెరిపి లేకుండా తిప్పీస్తే కాలిపోద్ది. ముప్పై ఏళ్లయి చేస్తన్నాను, ఒక్క మోటారు కాలిపోనిచ్చినానేటి? మరి నీ పెట్టికి రెస్టు వద్దేటి? సెయ్యెట్టి సూడు, ఎలా కాలిపోతన్నాదో."

చెయ్యి పెట్టి చూశాను. నిజంగానే వేడిగా ఉంది. ఆయన మాటలో ఎంత శ్రద్ధ ఉందంటే నాకు నవ్వు కూడా రాలేదు. ఆ రేకుల షెడ్డులో నెట్ అందడం గగనం. రెండింటికి స్విచ్ వేసినప్పుడు సిగ్నల్ ఉంటే పెట్టె మూట తెచ్చుకుని లేస్తుంది. లేకపోతే అలాగే అడుగుతూ కూర్చుంటుంది.

దీనికి మందు నాకు తెలుసు. మూట లేకపోతేనే తెచ్చుకో, ఉంటే ఉన్నదానితో నడువు అని ఆ ఒక్క వరుస మార్చాలి. ఆఫీసులో కూర్చునే మార్చవచ్చు, పది నిమిషాల పని. లేదా కాకాతో ఆపొద్దని ఒక్క ముక్క చెప్పాలి.

నేను రెండూ చెయ్యలేదు. ఆయన టిఫిన్ మూతలో నాకింత అన్నం, వంకాయ ఎండురొయ్యల కూర పెట్టాడు. "మా ఇంటికాడ పిల్లలు తెలుగులో అడిగితే బెంగాలీలో చెప్తారమ్మా. నాను ఎవుల్తో మాటాడాల?" అన్నాడు. నా 'ఏంది'ని వెక్కిరించాడు, ఆయన 'ఏటి'ని నేను వెక్కిరించాను. తిరిగి ఆటో ఎక్కేసరికి కడుపూ నిండింది, నోరూ తెరిపిన పడింది. పెట్టె బాగుపడితే మళ్లీ ఎందుకు రావాలి? ఆ ప్రశ్న నాకు ఆటోలోనే తట్టింది. తట్టినా పట్టించుకోనట్టు నటించాను.

మూడు నెలలు అలా సాగింది. పెట్టె మూగబోయిందని కబురు రాగానే బల్ల మీద నుంచి లేచేదాన్ని, వెళ్లి నా ఫోను నెట్‌తో దాన్ని లేపి వచ్చేదాన్ని. గేటు పుస్తకంలో బాక్స్ రిపేర్, బాక్స్ రిపేర్ అని వరసగా నా పద్దులే.

వానాకాలం వచ్చింది. ఒకరోజు ఒంటిగంటకు ఎండ కాస్తుండగా కాకా ఎప్పటిలాగే పెట్టెకు రెస్టు ఇచ్చాడు. పావుగంటలో ఆకాశం విరుచుకుపడింది. ఆయన అన్నం వదిలేసి పెట్టె స్విచ్ వేసి, మూడు మోటార్లూ తిప్పాడు. నెట్ అప్పటికే పోయింది. పెట్టె లేవలేదు. కంట్రోల్ రూములో ఆ పంపుహౌసు గడి ఖాళీగా ఉంది. వీధుల్లో మోకాళ్ల లోతు నీళ్లు నిలిచాయి. ఆపరేటరు పంపులు నడపకుండా ఎక్కడికో పోయాడని, అది కనబడకుండా పెట్టె ఆపేశాడని అధికారులు తేల్చారు. ఏ మోటారు ఎప్పుడు తిప్పాడో చేత్తో రాసుకున్న పుస్తకం ఆయన చూపిస్తే, తర్వాత కూర్చుని రాసి ఉంటావన్నారు. వారంలో విచారణ. ఉద్యోగం పోతే ఆ రెండు గదులూ పోతాయి.

పెట్టె నివేదిక రాయాల్సింది నేను. పెట్టెలో జరిగినదంతా నిమిషాలతో సహా నమోదై ఉంది. ఒంటిగంటకు కరెంటు పోయింది. ఒంటిగంటా పదిహేడుకు వచ్చింది. అక్కడి నుంచి సాయంత్రం దాకా పెట్టె నన్నే అడుగుతూ ఉంది, మూట పంపు, మూట పంపు అని. అడుగుతున్న మూట దాని ఒళ్లోనే ఉంది. ఆ చిట్టా చదువుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

"అక్కడ కరెంటు ఆపారు అని ఒక్క ముక్క రాసి పంపెయ్" అన్నాడు మా మేనేజరు. అది అబద్ధం కూడా కాదు. అదే నన్ను భయపెట్టింది. అంతమాత్రం రాస్తే నన్నెవరూ ఏమీ అనరు.

ముందు కాకా దగ్గరికి వెళ్లాను. ఆ రోజు టిఫిన్ తెరవలేదాయన. మొత్తం చెప్పేశాను. తప్పు వరుస నాదని, మొదటిరోజే తెలుసని, దిద్దితే ఇక్కడికి రావడానికి పని ఉండదని దిద్దలేదని. చివరి మాట చెప్పేటప్పుడు ఏడ్చేశాను.

ఆయన వెళ్లి ఒక మోటారు ఆపి ఇంకొకటి తిప్పాడు. తర్వాత నా మీద లేచాడు.

"దానికోసరం నా కూట్లో మట్టి కొట్టేస్తావేటి? ఒంటిగా ఉంటే ఒచ్చి కూకోకూడదేటి? పని లేకండా రావొద్దని నాను ఎప్పుడైనా సెప్పినానేటి?"

నిజానికి ఆ సంగతి నాకు ఎన్నడూ తోచనే లేదు. ఊరు వదిలాక నేను ఎవరి గుమ్మం తొక్కినా చేతిలో ఒక పని ఉండేది.

నివేదికలో అంతా రాశాను. వరుస నాది, మూడు నెలలుగా తెలుసు, ఆపరేటరు వాన మొదలవగానే పెట్టె వేశాడు, ఇదిగో చిట్టా అని. వరుస కూడా మార్చాను, పది నిమిషాలు కూడా పట్టలేదు. మేనేజరు నన్ను బయటి పనుల నుంచి తీసేశాడు. కాకా ఉద్యోగం నిలిచింది గానీ, ఆయన్ని నదికి ఆవల, షాలిమార్ గూడ్సు యార్డు దగ్గరి చిన్న పంపుహౌసుకు మార్చారు. ఆ పాత పెట్టె ఇప్పుడు నెట్ ఉన్నా లేకపోయినా దానిపాటికి అది నడుస్తోంది. దాని నుంచి నాకు ఏ కబురూ రాదు.

రెండు నెలలు ఓర్చుకున్నాను. సెలవురోజుల్లో మళ్లీ గొంతు బిగుసుకుపోవడం మొదలైంది. ఒక ఆదివారం ఆఫీసు సంచీ తగిలించుకుని, లాంచీలో నది దాటి, అడుగుతూ అడుగుతూ షాలిమార్ చేరాను. ఒంటిగంట కావస్తోంది. గేటు దగ్గర కొత్త కాపలా మనిషి పుస్తకం తెరిచాడు.

"కీ కాజ్, దీదీ?"

"బాక్స్ రిపేర్" అన్నాను. నా నోరు పాడుగాను, దానంతట అదే వచ్చేసింది.

"ఎఖానే కోనో బాక్స్ నేయ్" అన్నాడతను. ఇక్కడ పెట్టే లేదు అని.

వెనక్కి తిరిగి వెళ్లిపోదామనిపించింది. లోపల ఒక మోటారు ఆగి ఇంకొకటి అందుకున్న చప్పుడు వినిపించింది. మోటార్లు మారుస్తున్నాడు, అన్నానికి కూర్చోబోతున్నాడు.

"కాజ్ నేయ్" అన్నాను. పనేమీ లేదు.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. ఏం పని అన్న గడిలో ఒక గీత గీసి, గేటు తీశాడు.