కళ్లజోడు పెట్టెలో, నేను సాంబయ్యగారి కాళ్ల దగ్గర

మీరెప్పుడైనా తప్పు చేసి ఎవరి కాళ్ల మీదైనా పడ్డారా? పడే ఉంటారు. కానీ తప్పు ఒకరికి చేసి, ఊరంతా చూస్తుండగా ఇంకొకరి కాళ్ల మీద పడ్డారా? అందులోనూ అసలు మనిషి పక్క కుర్చీలోనే కూర్చుని ఉండగా? లేదు కదా. కృష్ణా జిల్లా మొత్తమ్మీద ఆ ఘనత నా ఒక్కడిదే. స్థిమితంగా కూర్చోండి, చెబుతాను.

నేను విజయవాడలో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. నాకు పేరు తెచ్చిన పాఠం కటకాలు. దూరంగా ఉన్నవి కనపడని కంటికి పుటాకార కటకం వాడాలని బోర్డు మీద బొమ్మ గీసి, బల్ల గుద్ది చెప్పేవాణ్ణి. చెప్పేవాడికేమో రెండు కళ్లకూ మైనస్ నాలుగు. వాడి కళ్లజోడు చొక్కా జేబులో.

ఎందుకంటారా? అప్పుడు నాకింకా పెళ్లి కాలేదు, జుట్టు నిండుగా ఉంది. కళ్లజోడు పెడితే రిటైరైన తాసిల్దారులా ఉన్నానని ఎవరో అన్నారు. అంతే, దాన్ని జేబుకే అంకితం చేశాను. బస్సు నెంబరు పక్కవాణ్ణి అడిగేవాణ్ణి. క్లాసులో వెనక బెంచీలు కనపడేవి కావు కాబట్టి పిల్లలంతా శ్రద్ధగా వింటున్నారని నమ్మి హాయిగా బతికేవాణ్ణి.

ఇక మామయ్య సంగతి. అమ్మకు ఒక్కడే తమ్ముడు. కంకిపాడు దగ్గర వ్యవసాయం. నా హైస్కూలు చదువంతా ఆయనింట్లోనే. వానొస్తే తన తువ్వాలు నా పుస్తకాల సంచికి చుట్టి, తాను తడుస్తూ సైకిలు తొక్కినవాడు. మనిషి వెన్న. ఒక్క పలకరింపు విషయంలో మాత్రం రాయి. మావైపు అందరూ అంతేలెండి. శుభలేఖ అందకపోతే పోస్టువాణ్ణి తిట్టుకుని సరిపెట్టుకుంటారు గానీ, ఎదురుపడ్డవాడు పలకరించకపోతే ఆ సంగతి మనవలక్కూడా చెప్పి పోతారు.

ఒకరోజు అమ్మ ఫోన్ చేసింది. "ఏరా, నిన్న బెంజి సర్కిల్ దగ్గర మామయ్య కనపడ్డాడా?"

"లేదే."

"నువ్వు ఆయనకి కనపడ్డావంట. ఎదురొచ్చి నవ్వాడంట. నువ్వు మొహంలోకి చూసి మరీ ఆటో ఎక్కి పోయావంట."

గుర్తొచ్చింది. తెల్లగా ఏదో ఎదురుగా నిలబడింది. ట్రాఫిక్ పోలీసనుకుని మర్యాదగా పక్కకి తప్పుకున్నాను.

"జోడు పెట్టుకోలేదమ్మా. కావాలని చేస్తానా?"

"ఆ మాట నాకు కాదు, ఆయనకి చెప్పు. నీకోసం చక్రకేళీలు తెచ్చాడంట. వెనక్కి పట్టుకెళ్లి గేదెకి పెట్టాడంట."

ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఇంటికెళ్తే నా గొంతు విని దొడ్డిదారిన పొలం వెళ్లిపోయాడు. కుటుంబం వాట్సాప్ గ్రూపులోంచి కూడా బయటికెళ్లాడు. అత్తయ్య కాఫీ ఇచ్చి, "లెక్చరర్ గారి కళ్లకి మనం ఎక్కడ ఆనతాంలే అంటున్నాడు నాయనా" అంది. నిజానికి నా కళ్లకి ఎవరూ ఆనడం లేదు. ఆ సంగతి నమ్మేదెవరు?

ఏడాది గడిచింది. రెండో ఏడూ సగమైంది. అంతలో మా చెల్లికి పెళ్లి కుదిరింది. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తేవాల్సింది మేనమామ. ఉన్నది ఒక్క మేనమామ. చెల్లి ఏడ్చి, ముక్కు చీదుకుని తేల్చేసింది. "మామయ్య రాకపోతే నడిచొస్తాను గానీ నేను గంపెక్కను. ఇదంతా నీవల్లేరా అన్నయ్యా."

అమ్మ ఉపాయం చెప్పింది. "ఆదివారం కంకిపాడులో మనవాళ్ల పిల్ల ఓణీల ఫంక్షన్ ఉంది. మామయ్య వస్తాడు. నలుగురిలో కాళ్లకి దండం పెట్టి గంప ఎత్తమని అడుగు. నలుగురిలో అడిగితే కాదనడు. వెధవ సోకులు మాని ముందు కళ్లజోడు కొనుక్కో."

పాతదాని మీద ఎప్పుడో కూర్చున్నాను. లోకంలో అందరూ చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారు. నేను మామయ్య అలిగాక అద్దాలు పట్టుకున్నాను. వన్ టౌన్లో కరీముల్లా గారి కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లాను. ఆయన నా చీటీ చూసి నల్లటి నిండు ఫ్రేము ఒకటి తీశారు.

"ఇది తీసుకోండి మాస్టారూ. మీ పవర్‌కి అద్దం అంచు మందంగా వస్తుంది. ఫ్రేములో దాక్కుంటుంది."

"ఇది పెడితే నేను కనపడనండీ, ఫ్రేమే కనపడుద్ది."

"కళ్లజోడు మీకు కనపడటానికా, మీరు కనపడటానికా అండీ?"

నేను వినిపించనట్టు నటించి, అంచుల్లేని అద్దాల జోడు ఎంచుకున్నాను. మొహమ్మీద ఉందా లేదా అన్నంత నాజూకుది. ఆయన నిట్టూర్చి జాగ్రత్తలు చెప్పారు. "రెండు చేతుల్తో తీయండి. పంచెతో, తువ్వాలుతో తుడవద్దు. తీశారా, పెట్టెలో పెట్టండి. ఇది కిందపడితే మళ్లీ నా దగ్గరికే రావాలి."

మర్నాడు జోడు పెట్టుకుని క్లాసుకెళ్లాను. వెనక బెంచీల్లో సగంమంది నిద్రపోతున్నారు. ఇన్నేళ్ల నా కీర్తి అక్కడే కూలింది. అయినా దిగమింగుకుని ఆదివారం అమ్మతో కంకిపాడు ఫంక్షన్ హాలుకి వెళ్లాను.

గుమ్మంలోంచి అన్నీ అద్దంలా కనపడ్డాయి. అమ్మ చెవిలో చెప్పింది. "అదిగో, ముందు వరసలో ఎడమనించి మూడో కుర్చీ. ఫ్యాను కింద. వెళ్లు."

మామయ్యే. తెల్లచొక్కా, తెల్లపంచె, భుజాన కండువా. నన్ను చూసి మొహం తిప్పుకోలేదు కూడా. నాకు ప్రాణం లేచొచ్చింది. నాలుగడుగులు వేశాక కరీముల్లా గారు గుర్తొచ్చారు. కాళ్ల మీదకి వంగితే జోడు జారిపడదూ? ఆగాను. గోడవైపు తిరిగి, రెండు చేతుల్తో తీసి, ఆయనిచ్చిన గుడ్డతో ఒకసారి తుడిచి, పెట్టెలో పెట్టి, పెట్టె జేబులో పెట్టాను. జన్మలో ఒక వస్తువుని జాగ్రత్తగా చూసుకున్నది అదే మొదటిసారి. నాశనమైందీ అక్కడే.

ఇటు తిరిగేసరికి ముందు వరసంతా తెల్లటి మేఘాలు. మన డెల్టా పెద్దమనుషులు పది గజాల దూరంలో అందరూ ఒక్కలాగే ఉంటారు, మీరే చెప్పండి. ఎడమనించి లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. సిగ్గుతో తల వంచుకుని వెళ్లి దబ్బున పడ్డాను. రెండు పాదాలూ ఉడుం పట్టు పట్టాను.

"మామయ్యా, నేను కళ్లుండీ గుడ్డివాణ్ణి. నిన్ను చూసి పోయినవాణ్ణి కాదు, చూడలేక పోయినవాణ్ణి."

పాదాలు వెనక్కి లాక్కోబోయాయి. నేను వదల్లేదు.

"అబ్బే, నాయనా, నేను..."

"నువ్వేం మాట్లాడొద్దు మామయ్యా! నా పాఠం ఎవరు విన్నా వినకపోయినా నా మాట నువ్వు వినాలి. చెల్లి గంప నువ్వే ఎత్తాలి. ఎత్తుతానంటేనే కాళ్లొదులుతాను!"

సన్నాయి ఆగింది. పైనించి గొంతు సవరించుకున్న చప్పుడు. "సరేలే, లే నాయనా. ఇంతమందిలో ఇంతగా అడిగితే ఎందుకెత్తను? ఎత్తుతాను."

ఆ గొంతు మామయ్యది కాదు. తలెత్తాను. జానెడు దూరంలో, నన్ను లేపడానికి వంగిన సాంబయ్యగారు! మామయ్య పొలం పక్క పొలం ఆయనదే. బోదె కాలవ నీళ్ల దగ్గర తగాదా పడి ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. పక్క కుర్చీలోంచి ఒక తెల్లటి ఆకారం మెల్లగా లేచి బయటికి నడిచింది. ఆ నడక గుర్తుపట్టడానికి నాకు ఏ కళ్లజోడూ అక్కర్లేదు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటారే, నేను గోరుచుట్టుకి మందు రాద్దామని వెళ్లి రోకలి ఎత్తి వేశాను. సాంబయ్యగారేమో మాట మీద నిలబడే మనిషి. ముహూర్తం ఎన్నింటికని కబురు పంపారు, పట్టుపంచె కొన్నారు. వద్దని ఎవరు చెబుతారు? ఆయన అమ్మని అక్కా అని పిలుస్తారు, వరసకి మేనమామేగా!

పెళ్లిరోజు గంపకి ఒక పక్కన సాంబయ్యగారు సిద్ధంగా నిలబడ్డారు. చెల్లి గుమ్మం వైపు చూస్తూ గంపెక్కనని మొండికేసింది. అప్పుడొచ్చాడు మామయ్య. అత్తయ్య రెక్క పట్టుకుని లాక్కొచ్చిందట. ఎవరి వంకా చూడకుండా చెల్లి తల నిమిరి, గంపకి రెండో పక్క పట్టుకున్నాడు.

"అటు సమంగా ఎత్తు సాంబయ్యా. పిల్ల ఒరిగిపోతంది."

"ఎత్తుతున్నా అన్నా."

అలా వాళ్లిద్దరికీ మాటలు కలిశాయి. భోజనాల్లో పక్కపక్కనే కూర్చుని పూర్ణాలు తిన్నారు. నాతో మాత్రం మామయ్య మాట్లాడలేదు. వడ్డన దగ్గర అత్తయ్య నన్ను పక్కకి పిలిచింది.

"ఆరోజు మీ మామయ్య మూడో కుర్చీలోనే ఉన్నాడు నాయనా. నువ్వు చెమటతో వస్తున్నావని, వచ్చి ఫ్యాను కింద కూర్చుంటావని, నీకోసం ఆ కుర్చీ వదిలి పక్కకి జరిగాడు. నువ్వు గోడవైపు తిరిగి ఏంటో చేసుకుంటున్నావు. ఆలోపు సాంబయ్యొచ్చి కూలబడ్డాడు."

ఏడాదిన్నర కోపాన్ని పక్కనబెట్టి మనిషి నాకు చోటిచ్చాడు, నేను గుడ్డముక్కతో అద్దాలు తుడుచుకుంటున్నాను. వెళ్లి మామయ్య ముందు నిలబడ్డాను, జోడుతోనే.

"మామయ్యా, నాకోసం కుర్చీ వదిలావంటగా."

ఆయన నా మొహంలోకి చూశాడు. "ఇప్పుడు బాగా కనపడుతున్నానా?"

చూశాను. కనుబొమలు కూడా నెరిశాయి. బుగ్గలు లోపలికి పోయాయి. నా నోరు ఊరుకోదుగా. "పెద్దవాడివైపోయావు మామయ్యా" అనేశాను.

"బెంజి సర్కిల్ దగ్గరే చూసి ఉంటే, ఇంకాస్త కుర్రాణ్ణి చూసేవాడివిరా" అన్నాడు, విస్తరి మడుస్తూ.

అక్కడికక్కడే, ఉడుకుతున్న సాంబారు సాక్షిగా, కేటరింగ్ వాళ్లందరూ వింటుండగా ప్రతిజ్ఞ చేశాను. తెల్లపంచె కట్టి ఎవరెదురొచ్చినా, ఆఖరికి ట్రాఫిక్ పోలీసైనా, ఆగి యోగక్షేమాలు అడుగుతాను. అద్దాలు పగిలితే పగిలాయి, ముక్కు పగిలితే పగిలింది, ఇకమీదట ఎవరి కాళ్ల మీద పడ్డా కళ్లజోడు పెట్టుకునే పడతాను.