ప్లగ్గు పీకే సిద్ధిరాములు

సిద్ధిరాములు సార్‌కు కోపం వస్తే ప్లగ్గు పీకుతాడు. తిట్లు తర్వాతి సంగతి, ముందు ప్లగ్గు. ఆయనకు కోపం ఎప్పుడు రాదంటే, నిద్రలో రాదు. అది కూడా ఆయన భార్య ఇందు గట్టిగా చెప్పలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణం మీద గది కిరాయికి తీసుకుని ఆయన కరెంటు గిటార్ నేర్పుతాడు. పాతకాలం యూరప్ వయొలిన్ బాణీలను గిటార్ మీద మెరుపు వేగంతో వాయించే పద్ధతి ఒకటుంది. ష్రెడ్డింగ్ అంటారు. ఆ చుట్టుపక్కల అది వచ్చినవాడు ఆయనొక్కడే. అందరూ వేగం కోసమే వస్తారు. కాస్త వేగం అందుకోగానే ఈయన ప్లగ్గు పీకేస్తాడు. విస్తట్లో అన్నం వడ్డించి చేతులు కట్టేసినట్టు.

ఒకసారి మీర్‌పేట్‌లో బరాత్ పోతుంటే డీజే వైరు పీకాడు. పెండ్లికొడుకు ఒక కాలు గాలిలో పెట్టి అట్లాగే ఆగిపోయాడు.

"ఏందే పెద్దమనిషీ, పిచ్చా?" అని డీజేవాడు మీదికొచ్చాడు.

"పిచ్చి నాకా, నీకా? ఎప్పటిసంది ఒక్కటే దెబ్బ! జర ఊపిరి తీస్కోనియ్యవా? సూడు, పెండ్లిపిలగాడు ఎట్ల రొప్పుతుండో!"

చుట్టాలు కొట్టడానికి కదిలారు. పెండ్లికొడుకే అడ్డం పడ్డాడు. "ఇడిసిపెట్టుండ్రి. నా కాళ్లు గూడ గుంజుతున్నయ్."

ఇంట్లో మిక్సీకి కూడా అదే గతి. "పెండ్లయినసంది మా ఇంట్ల పచ్చడి మెత్తగయిందే లేదు," అంటుంది ఇందు. "గందుకే రోలు కొన్న. రోలుకు ప్లగ్గు లేదు గద!"

ఈయన దగ్గర అందరికంటే ఎక్కువ ప్లగ్గులు పీకించుకున్నది స్పందన. వాళ్లమ్మ కనకమ్మకు మ్యాచింగ్ సెంటర్ ఉంది. పగలంతా అక్కడ జాకెట్ ముక్కలు కొలిచి, సాయంత్రం గిటార్ వేసుకుని వచ్చేది. వేళ్లు పరుగందుకునేవి. టప్!

"సార్! సగం గూడ కాలే!"

"సగానికే తల పల్గుతుంది. ఏం చెప్పినవ్ గా బాణీల?"

"స్పీడ్ సార్..."

"స్పీడ్ కుట్టుమిషన్‌కు గూడ ఉంటది. దాని ముంగట కూసొని ఎవడన్న సప్పట్లు కొడ్తడా? ముందుగాల నోటితోని పాడు. పాడరానిది వాయించకు. భుజం దించు!"

ఎంత తిట్టినా ఆఖరి మాట అదే. భుజం దించు.

ఇద్దరివీ పోచంపల్లి మగ్గాల ఇళ్లే. అందుకని తిట్లు కూడా నూలు మీద నుంచే వచ్చేవి.

"రంగుల ముంచేముందు నూలుకు రబ్బరు ఎందుకు కడ్తరే?"

"కట్టిన కాడ రంగు ఎక్కకుంట సార్."

"ఎక్కకపోతే?"

"ఆడ పువ్వు పడ్తది."

"మరి నువ్వు ఏడ కట్టినవ్? నూలు మొత్తం ముంచి పెట్టినవ్! గది చీరనా? పరదా!"

స్పందన పళ్లు కొరికి మెట్లు దిగేది. మర్నాడు మళ్లీ ఎక్కేది.

ఇంతలో ఎల్బీనగర్ ఫంక్షన్ హాల్లో పోటీ అన్నారు. గెలిచినవాళ్లకు బ్యాండులో చోటు. కనకమ్మ ముందే తేల్చి చెప్పింది. "గెలిస్తే నీ ఇష్టం. గెల్వకపోతే గిటార్ అటకెక్కుతది, నువ్వు కౌంటర్ల కూసుంటవ్. గా మనిషితోని తిట్లు తినుడు బంద్."

స్పందన సరేనంది. సార్ దగ్గరికి వచ్చి దండం పెట్టింది. "మీ కాళ్లు మొక్కుత సార్, ఆడ మాత్రం ప్లగ్గు జోలికి పోకుండ్రి."

"నాకేం పని లేదా?" అని సార్ కోపంగా పక్కనున్న ఫ్యాన్ ప్లగ్గు పీకాడు.

పోటీనాడు ఆమె బాగానే మొదలుపెట్టింది. కానీ అంతకుముందు వాయించిన కుర్రాడు స్వరాల వడగళ్లు కురిపించి పోయాడు. వాడిని దాటాలని వేగం పెంచింది. ఇంకా పెంచింది. వేళ్లు మనసును దాటి ఉరికాయి. టప్!

స్టేజీ పక్కన సార్. చేతిలో ప్లగ్గు.

"ఏం వైరింగ్ ఇది? పిల్ల వాయిస్తుంటే ఊడింది!" అని పోటీ పెట్టిన ఉపేంద్ర మీద అరుస్తున్నాడు.

"మీరే పీకిన్రు సార్! నేను సూసిన!"

"నా మొఖం సూస్తే పీకేటోని లెక్క కొడ్తుందా?"

"కొడ్తుంది!" అంది వెనక వరసలో ఇందు.

"ముసలాయన్ని బయటికి పంపుండ్రి!" అని జనం కేకలేశారు. ఉపేంద్ర మైకు అందుకున్నాడు. "పాపం, ఆ అమ్మాయి తప్పేముంది? మళ్ల మొదటిసంది వాయిస్తది."

స్పందన స్టేజీ అంచుకు వచ్చి నిప్పులు కక్కింది. "మీరు మనిషేనా సార్?"

ఆయన వైరు సర్దుతున్నట్టు వంగి, ఎన్నడూ లేనంత మెల్లగా అన్నాడు. "భుజం దించు."

అప్పుడు చూసుకుంది. ఎడమ భుజం చెవి దాకా లేచి ఉంది. వేళ్లు అదుపు తప్పేముందే ఆ భుజం లేస్తుంది. అంటే ఇంకొక్క స్వరం పడితే, అందరి ముందూ తప్పు వినపడేది. ఆమెకు చీరల దుకాణం మీది గది గుర్తొచ్చింది. అక్కడ కూడా ప్లగ్గు ఊడింది తప్పు పడ్డాక కాదు, పడబోయే ముందు. ఇన్నాళ్లూ ఆమె తప్పును ఆమె చెవిన కూడా పడనీయలేదు ఈ మనిషి.

తెలిసేసరికి ఇంకా మండింది. "గీ మాట ముందే చెప్పొచ్చు గద!"

"చెప్తే భయపడ్తవ్. తిడ్తే కోపమొస్తది. కోపమున్న చెయ్యి వణకది. పో, వాయించు!"

వాయించింది. ముందు లోపల పాడుకుంది. ఒక స్వరాన్ని సాగదీసి నిలిపి, ఊపిరి తీసుకుని, అప్పుడు వదిలింది పరుగు. పరుగు ఆగినచోటల్లా జనం ముందుకు వంగారు. ఆగిన కాడల్లా పువ్వు పడుతోంది. సార్ రెండు చేతులతో ప్లగ్గును గోడకు అదిమి పట్టుకుని నిలబడ్డాడు, ఎవడైనా పీకుతాడేమోనని.

ఆఖరి స్వరం వణుకుతూ నిలిచింది. సరిగ్గా అప్పుడే హాల్లో ఫ్యాన్లూ లైట్లూ అన్నీ ఆగిపోయాయి.

అందరూ సార్ వైపు తిరిగారు.

"నేను కాదు! ఈపారి ఒట్టు, నేను కాదు!"

ఆ నిశ్శబ్దంలో స్పందన తీగ ఒక్కటే, కరెంటు లేకుండా, సన్నగా మోగి ఆరింది. తర్వాత పడ్డాయి చప్పట్లు.

"ఆఖర్ల ఆపిన తీరుంది సూడు, గది సంగీతమంటే!" అన్నాడు తీర్పు చెప్పడానికి వచ్చిన బ్యాండు పెద్ద. చోటు స్పందనదే అయింది. కనకమ్మ కూతురి కంటే ముందు ఏడ్చేసింది.

సార్‌కు చెబుదామని స్పందన వెతికితే, ఆయన హాల్లో లేడు. కరెంటు ఎవడు పీకాడో కనుక్కుని వాడి సంగతి తేల్చుదామని రోడ్డు మీదికి ఉరికాడు.