పూజ గూట్లో హార్డ్ డిస్క్

మా రైతు సంఘం ఆఫీసులో సర్వర్ పెట్టిన గది ఒకప్పుడు వేరుశనగ విత్తనాలు నిల్వ చేసిన గది. ఎంత ఊడ్చినా మూలల్లో ఎర్రటి పొట్టు తేలుతుంది. సంఘంలో నాది కంప్యూటర్ పని. మనుషులతో ఎక్కువ మాట్లాడనక్కర్లేదనే చేరాను.

ఒక ఏడాది వానల్లేక కంబదూరు వైపు చేలు ఎండిపోతే, మావాళ్ళు చేను చేనుకూ తిరిగి ఫోటోలు తీశారు. పరిహారం అడిగేటప్పుడు పంట పోయిందని చెప్పడానికి అవే సాక్ష్యం. తర్వాత రైతులు చేలు దున్నేశారు. మళ్ళీ తీద్దామన్నా అక్కడేమీ లేదు. ఫోటోలన్నీ సర్వర్‌లో ఉండేవి. రోజూ తెల్లవారుజామున వాటి నకలు పక్కనున్న హార్డ్ డిస్క్‌లోకి దానంతటదే చేరేది. నేను వచ్చేసరికి 'బ్యాకప్ పూర్తయింది' అని మెయిల్ వచ్చి ఉండేది.

మా నాయనా ఆ సంఘంలో సభ్యుడే. ఆయన బోరు మోటారుకు ఆటో స్టార్టర్ ఉంది. కరెంటు రాగానే మోటారు తిరుగుతుంది. అయినా నాయన చేనికి పోయి పైపు కింద చెయ్యి పెట్టి చూస్తాడు. బోరులో నీళ్ళు లేకపోయినా మోటారు తిరుగుతూనే ఉంటుంది, కాలిపోయేదాకా. అది చూస్తూ పెరిగినందుకేమో, ఆ మెయిల్ ఒక్కటే నాకు చాలేది కాదు.

దసరా అయ్యాక సర్వర్‌లో ఖాళీ జాగా రోజురోజుకూ తగ్గిపోతోంది. నకలు బయటి డిస్క్‌లోకి పోతుంటే ఇక్కడెందుకు తగ్గాలి? గదిలోకి వెళ్ళి చూశాను. సర్వర్ మీద కుంకుమ బొట్లు, ఎండిన బంతిపూల దండ. పక్కన డిస్క్ లేదు. దాని వైరు మాత్రం వేలాడుతోంది.

మేనేజర్ సార్‌తో చెప్పాలి. తలుపు దాకా పోయి వెనక్కి వచ్చాను. లెక్కలు చూసే అక్క గమనించింది.

"ఏమే, పెండ్లిచూపులకు వచ్చినట్ల తలుపుకాడ నిలబడతాండావు? చెప్పేదుంటే లోపలికి పో."

తనే వెంట వచ్చింది. "సార్, బ్యాకప్ అయితా లేదు" అన్నాను.

"అదేందమ్మా, దినామూ మెయిల్ వస్తాండాది కదా!"

"డిస్క్ లేదు సార్. అందుకని నకలు కూడా సర్వర్ లోపలే పడతాండాది. ఇంటికి రెండో తాళంచెవి చేయించి, రెండూ ఇంట్లోనే పెట్టి తాళమేసినట్ల. సర్వర్ పోతే ఫోటోలన్నీ పోతాయి."

"డిస్క్ యాడికి పోయినాది మరి?"

అక్క పగలబడి నవ్వింది. "మీరే కద సార్, ఆయుధ పూజకు పీకి, తుడిచి, బొట్టు పెట్టింది! దేవుని గూట్లో ఉండాది. ఆ పొద్దు ముట్టగూడదంటిరి. మళ్ళ ఎవరు ముట్టినారు?"

పటాల ముందు, అగరుబత్తి బూడిదలో ఉంది డిస్క్. సార్ రెండు చేతులతో తీసి నాకిచ్చారు. "మీ నాయనకు చెప్పొద్దమ్మా. మీటింగ్‌లో అందరి ముందరా నవ్వుతాడు."

ఆ రోజే వైరు తగిలించి నకలు తీశాను. డిస్క్ లేకపోతే పని ఆపేసి, లేదని మెయిల్ పంపేలా ప్రోగ్రాం మార్చాను. అంతటితో ఊరుకోలేక, డిస్క్‌ను నా కంప్యూటర్‌కు పెట్టి ఒక ఫోటో తెరిచాను. ఎర్ర నేల, వేళ్ళతో సహా పీకిన వేరుశనగ చెట్టు, దాన్ని పట్టుకున్న చెయ్యి. కాయల్లేవు. వంకర చిటికెన వేలు చూసి అది నాయన చెయ్యేనని పోల్చుకున్నాను.

ఎండాకాలంలో వోల్టేజీ ఎక్కువై సర్వర్ కాలిపోయింది. అక్క తల పట్టుకుంది. సార్ మాత్రం నా బల్ల దగ్గరికొచ్చి, "చెయ్యి పెట్టి చూసినావా?" అన్నారు. నాయన పైపు కింద చెయ్యి పెట్టే సంగతి ఎవరి నోట విన్నారో!

"పోయిన వారమే చూసినా సార్. ఉండాయి."

కొత్త సర్వర్‌లోకి ఫోటోలన్నీ తిరిగి వచ్చాయి. ఇప్పుడూ వారానికోసారి డిస్క్‌లోంచి ఏదో ఒకటి తెరిచి చూస్తాను. నిన్న తెరిచింది ఈ ఏటి చేనుది. ఆకుల కింద పసుపు పూత కనిపించింది. వెంటనే మూసేయబుద్ధి కాలేదు.